రావాల్సిన ముక్క ఖరీదెంత?



ఈసారి పేకాట మీద రాస్తున్నాను. ఉద్యమంలో ఉన్నోడికి పేకాటతో పనేంటని కొందరికి కోపం రావొచ్చు. కృష్ణా డెల్టాలో పుట్టి పేకముక్క ముట్టని కుర్రాడుంటే చూపించండి. సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన కోతముక్క, గుండాట లేని ఊళ్లెన్ని? బెజవాడ హాస్టళ్లలో అదే ఆట ఫోన్లలోకి దూరింది. ఆడేది మన పిల్లలే. ‘ఆడొద్దురా’ అని చేతులు దులుపుకుంటే ఎవడూ వినడు. లెక్క చెబితే కాసేపు కూర్చుంటాడు. అందుకే ఇవాళ లెక్కే చెబుతాను.

మా పల్లెలో పెద్దోళ్లకి ఈ లెక్క ఎప్పుడో తెలుసు. పదమూడు ముక్కల రమ్మీలో చెయ్యి బాగోకపోతే మొదట్లోనే డ్రాప్ చేస్తారు, 20 పాయింట్లతో పోతుంది. నాలుగు ముక్కలు లాగి చూసి డ్రాప్ చేస్తే 40. ఆశతో చివరిదాకా కూర్చుని దొరికిపోతే 80 దాకా పడుతుంది. రెండు పేకల ఆట కాబట్టి ప్రతి ముక్కా రెండే ఉంటుంది. ఇస్పేటు అయిదు, ఆరు చేతిలో ఉంటే అటు నాలుగు, ఇటు ఏడు, మొత్తం నాలుగు ముక్కలు పనికొస్తాయి. అయిదు, ఏడు ఉంటే మధ్యలో ఆరు ఒక్కటే, అవి రెండే. జోకర్ల సంగతి వేరు. ‘మధ్యముక్క కోసం కూర్చోమాకరా’ అని మా పెదనాన్న గదమాయించేవాడు. ఆయన బడి మొహం చూడలేదు.

ఈ రమ్మీ గురించే 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసిన కేసు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని జస్టిస్ హిదయతుల్లా రాశారు. మూడు ముక్కలాట మాత్రం అదృష్టం ఆటేనన్నారు. తర్కంగా తప్పు పట్టలేం. ఆచరణలో ఏమైందో మనకి తెలుసు. ఊళ్లో పెద్దరైతులు క్లబ్బులో ఫ్యాను కింద ఆడుకున్నది నైపుణ్యమైంది, మనోళ్లు చెరువుగట్టు మీద ఆడుకున్నది నేరమైంది. పేపర్లో ‘పేకాట శిబిరంపై దాడి’ అని వచ్చే ఫొటోలో తలలు వంచుకుని నిలబడ్డవాళ్లెవరో ఎప్పుడైనా గమనించారా?

సరే, పోకర్. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ రెండూ నిషేధించింది. కుర్రాళ్లు ఫోన్లో లొకేషన్ మార్చుకుని ఆడారు. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి, నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆపేసింది. దాంతో ఆట మీద మోజు తీరనివాళ్లు గోవా టికెట్ల రేట్లు చూడ్డం మొదలెట్టారు.

అలా చూస్తున్న తమ్ముడొకడు మొన్న కృష్ణలంకలో నా గదికొచ్చాడు. బీటెక్ అయిపోయింది. వాళ్ల నాన్న దివిసీమలో ఎకరంన్నర కౌలు చేస్తాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఆపారు. వాళ్లమ్మ డ్వాక్రా లోను తీసుకుని నలభై వేలు ఇచ్చింది, కట్టి తెచ్చుకోమని. ఆ నలభై వేలతో గోవాలో టోర్నమెంట్ ఆడాలని వీడి ఆలోచన. ‘నేను లెక్క ప్రకారమే ఆడతా అన్నా’ అని నోట్‌బుక్ తీశాడు.

నిజంగానే లెక్క ఉంది అందులో. చేతిలో ఆఠీన్ ఎనిమిది, ఏడు. కింద పరిచిన మూడు ముక్కల్లో రెండు ఆఠీన్లు. ఇంకొక్క ఆఠీన్ వస్తే ఫ్లష్. పదమూడులో నాలుగు కనపడ్డాయి, మిగిలినవి తొమ్మిది. కనపడని ముక్కలు 47. ఇంకో రెండు ముక్కలు తెరుస్తారు కాబట్టి వచ్చే అవకాశం 35 శాతం. మధ్యలో 6,000 చిప్స్ ఉన్నాయి, ఎదుటోడు 3,000 వేశాడు. తను 3,000 పెడితే మొత్తం 12,000. అంటే వందకి 25 సార్లు గెలిస్తే చాలు, 35 ఉంది కదా అని కాల్ చేశాడు.

‘రెండో ముక్క నీకు ఊరికే చూపిస్తాడా?’ అని అడిగాను. ఆగిపోయాడు. 35 శాతం అనేది రెండు ముక్కలూ చూసినవాడికి. తర్వాతి ముక్క రాకపోతే ఎదుటోడు మళ్లీ పందెం వేస్తాడు, మళ్లీ కట్టాలి. ఈ 3,000తో కొన్నది ఒక్క ముక్కే. దానికి 47లో తొమ్మిది, 19 శాతం. కావాల్సింది 25. ముక్క వచ్చాక ఎదుటోడి దగ్గర ఇంకా బాగా గుంజగలననుకుంటే కాల్ చేయొచ్చు. కానీ వాడి దగ్గర ఆఠీన్ రాజుతో ఇంకో ఆఠీన్ ఉంటే? వచ్చిన ముక్కే నిన్ను ముంచుతుంది. అదే 6,000కి ఎదుటోడు 1,500 వేసి ఉంటే కావాల్సింది 17 శాతం లోపే, అప్పుడు కాల్ సబబు. చెయ్యి అదే, ముక్కలు అవే. ఖరీదు మారింది.

ఇదంతా మామూలు ఆటలో. టోర్నమెంట్‌లో ఇంకో తిరకాసుంది, నన్ను అసలు కదిలించింది అదే. పదిమంది తలా 100 వేశారనుకోండి. మొదటి బహుమతి 500, రెండోది 300, మూడోది 200. నలుగురు మిగిలారు, అందరి దగ్గరా సమానంగా చిప్స్. ఒక్కొక్కడి వాటా 250 కింద లెక్క. ఒకడు మొత్తం తోసేశాడు, మిగతా ఇద్దరూ తప్పుకున్నారు. నువ్వు కాల్ చేసి గెలిస్తే చిప్స్ రెట్టింపు. వాటా 500 అవ్వదు. మొదటి బహుమతికి సగం అవకాశం, రెండోదానికి మూడో వంతు, మూడోదానికి ఆరో వంతు. అన్నీ కూడితే 383. ఓడితే సున్నా. 133 కోసం 250 పణం పెడుతున్నావు. వందకి 65 సార్లు గెలిచే చెయ్యి ఉంటే తప్ప ముట్టుకోకూడదు. 35 శాతం ఆశకి అక్కడ చోటే లేదు.

పోగొట్టుకునే చిప్ విలువ, సంపాదించే చిప్ విలువ కన్నా ఎక్కువ. ఇది మన ఇళ్లలో కొత్త సంగతా? గ్రూప్స్ కోచింగ్‌కి మూడేళ్లు కూర్చోవడం కూడా రావాల్సిన ముక్క కోసం కూర్చోవడమే. కంకిపాడులో పదెకరాలున్నవాడి కొడుక్కి అది నాలుగోసారి ఎంట్రీ. మన పిల్లాడికి మొదటిదీ, చివరిదీ. దివిసీమ శివారు పొలానికి కాలవ నీళ్లు వస్తాయో రావో తెలియకుండా ముందే కౌలు మాట్లాడుకునే వీళ్ల నాన్న ఏటా చేసేది కాలే. ఆ ఖరీదు ఎవరు నిర్ణయిస్తున్నారు? భూమి ఉన్నవాడు.

‘అయితే చిప్స్ తక్కువున్నోడు చూస్తూ కూర్చోవాలా అన్నా?’ అన్నాడు. వాడి ప్రశ్న న్యాయమైనదే. కూర్చుంటే బ్లైండ్స్ తినేస్తాయి. ఆడినా ఆడకపోయినా వంతు రాగానే కట్టాలి కదా. పోకర్ తెలిసినోళ్లు దీనికి చెప్పే జవాబు నాకు భలే నచ్చింది. చెయ్యి పూర్తికానప్పుడు కాల్ చేసేవాడికి గెలవడానికి ఒకటే దారి, ముక్క రావాలి. తనే ముందు తోసినవాడికి రెండు. ఎదుటోడు భయపడి వదిలేయొచ్చు, వదలకపోతే ముక్క రావొచ్చు. చిప్స్ మరీ అడుగంటకముందే తోయాలి. అడుగంటాక తోస్తే ఎవడూ భయపడడు.

‘నలభై వేలకి ఎన్ని ఎంట్రీలు వస్తాయిరా?’ అన్నాను. ‘ఒకటన్నా, దారి ఖర్చులు పోను.’ ‘మీ కాలేజీలో సర్టిఫికెట్లు ఆగినోళ్లు ఎంతమంది?’ ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపు చూశాడు. పదకొండు మంది.

నలభై వేలు ఆ రాత్రే వాళ్లమ్మ అకౌంట్లో వేయించాను. పదకొండు మందీ సోమవారం విజయవాడ కలెక్టరేట్‌లో అర్జీలు ఇచ్చి, అటునుంచి అటే కాలేజీకెళ్లి ప్రిన్సిపల్ గది ముందు కూర్చున్నారు. నాలుగు రోజులు టైమడిగాడాయన. ఐదో రోజు నలుగురికి చేతికొచ్చాయి, మావాడికి ఇంకా రాలేదు. మిగిలిన ఏడుగురం ఈ సోమవారం మళ్లీ వెళ్తున్నాం, ఆ నలుగురూ కూడా వస్తామన్నారు. పొద్దున పదింటికి కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాం. రాగలిగినోళ్లు రండి.