గోడవార బల్ల

'గాన్ విత్ ది విండ్'లో దాదిగా నటించిన హేటీ మెక్‌డేనియల్‌కు 1940లో ఆస్కార్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి తార ఆవిడే. కానీ ఆ రాత్రి తోటి తారల సరసన ఆమెకు చోటివ్వలేదు. గోడవార వేరే బల్ల వేశారు! అది చదివి 'ఛీ, ఏం మనుషులు!' అనుకున్నాను.

ఆ మర్నాడే మా చెల్లికి పెళ్లిచూపులు. "పిల్ల బాగుంది గానీ... చామనచాయ" అని పెదవి విరిచి వెళ్లారు. నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లి మాత్రం నవ్వి, "పోయిన వారం సినిమా చూసొచ్చి హీరోయిన్ని నువ్వేమన్నావ్ అన్నయ్యా? 'నల్లగా ఉంది, ఏం చూస్తాం' అనలేదూ?" అంది.

నాకు నోట మాట రాలేదు. తారల కటౌట్లకు దండలు వేస్తాం, పాలు పోస్తాం... ఆ గోడవార బల్ల మాత్రం మా ఇంట్లోనే ఉంది.

మీ ఇంట్లో లేదంటారా?