ఇన్నేళ్ళూ పడిందిగా

మావయ్య కూతురి పెళ్ళికి రెండు రోజుల ముందు అమ్మ తలకి రంగు వేసింది నేనే. పాత స్టీలు గిన్నెలో పొడి కలిపి, పాయలు తీసి, చెవుల వెనక కూడా వదలకుండా శ్రద్ధగా పట్టించాను. మర్నాడు సాయంత్రానికి నెత్తంతా దురద. పెళ్ళి రోజు తెల్లారేసరికి కళ్ళు తెరవలేనంతగా ముఖం వాచిపోయింది. ఆ పెళ్ళి ఫొటోల్లో అమ్మ లేదు.

రంగు పడలేదన్నారు డాక్టర్ గారు. అమ్మ ఒప్పుకోలేదు. "పదకొండేళ్ళ నుంచి అదే ప్యాకెట్టు. ఇన్నేళ్ళూ పడిందిగా, ఇప్పుడెందుకు పడదు?"

నిజానికి ఈ ప్రశ్న చుట్టూనే నా ఉద్యోగం. ఒక రసాయనం చర్మానికి ఎలర్జీ తెప్పిస్తుందా, తెప్పిస్తే ఎంతవరకు వాడొచ్చు అని లెక్కగట్టి రిపోర్టులు రాస్తాను. ఆ రోజు అమ్మ ముందు మాత్రం నీళ్ళు నమిలాను.

ఎలర్జీకి మనకి మంచి మాటే ఉంది: పడకపోవడం. వంకాయ పడదు అంటాం, దుమ్ము పడదు అంటాం, అన్నదమ్ములకి పడదు అంటాం. అమ్మకి జరిగినదానికి ఈ మూడోదే దగ్గర. అన్నదమ్ములకి మొదటి రోజే చెడదు. ఎప్పుడో ఒక మాట లోపల దిగబడుతుంది. పైకి ఏమీ కనపడదు. ఏళ్ళ తర్వాత గట్టు మీది వేపచెట్టు దగ్గర బయటపడుతుంది.

చర్మంలోనూ అంతే. చిన్న అణువొకటి పై పొర దాటి లోపలి ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. అక్కడ కాపలా కాసే కణాలు దాన్ని పట్టుకుని దగ్గర్లోని లింఫు గ్రంథికి మోసుకుపోయి చూపిస్తాయి. దాన్ని గుర్తుపట్టే టీ కణాలు అక్కడ పెరిగి, ఒంట్లో తిరుగుతూ ఉండిపోతాయి. ఇది కొందరికి తొలి వాడకాల్లోనే జరుగుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది, చాలామందికి అసలు జరగదు. జరిగిన రోజున దురద కూడా ఉండదు. ఆ తర్వాత అదే అణువు తగిలినప్పుడు మాత్రం ఒకటి రెండు రోజుల్లో చర్మం మండిపోతుంది. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక చర్మం సాధారణంగా మర్చిపోదు.

బయటికి కనపడని ఆ మొదటి దశని ముందే పట్టుకోవడానికే మా పరీక్షలన్నీ. వాటికి ఎప్పుడూ ఎవరిదో ఒకరి చర్మం కావాల్సి వచ్చింది. 1930ల్లో గినీ పిగ్గులు. బ్లడ్ గ్రూపులు కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనరే వాటి మీద ప్రయోగాలు చేసి, ఇలా ఎలర్జీ తెచ్చే గుణానికీ, రసాయనం వేరే అణువులతో కలిసిపోయే గుణానికీ సంబంధం ఉందని చూపించాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత ఫైళ్ళలో మాగ్నూసన్-క్లిగ్‌మన్ పరీక్ష అని రోజూ టైపు చేసేదాన్ని. 1969లో వచ్చిన గినీ పిగ్గుల పరీక్ష అది. ఆ క్లిగ్‌మన్ అంతకుముందు ఇలాంటి పరీక్షనే ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల చర్మం మీద చేశాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ జైల్లో ఏళ్ళ తరబడి ప్రయోగాలకి ఒళ్ళప్పగించినవాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. 2022లో ఆ నగరం క్షమాపణ చెప్పింది. తెలిశాక కూడా ఆ పేరు టైపు చేస్తూనే ఉన్నాను. రిపోర్టులో దానికి వేరే పేరు లేదు.

తర్వాత చిట్టెలుకలొచ్చాయి. చెవుల మీద వరసగా మూడు రోజులు రసాయనం రాసి, ఆరో రోజున చంపి, చెవి దగ్గరి లింఫు గ్రంథుల్లో కణాలు ఎంత పెరిగాయో కొలుస్తారు. మూడు రెట్లు పెరిగితే ఎలర్జీ కారకం కింద లెక్క. 2013లో యూరప్, 2014లో మన దేశం సౌందర్య సాధనాలకి జంతు పరీక్షలు వద్దన్నాయి. ఇప్పుడు గాజు గొట్టంలో ప్రోటీన్ ముక్క ఎంత ఖర్చయిందో చూస్తాం, పెంచిన చర్మకణాలు ఎంత ఉలిక్కిపడ్డాయో చూస్తాం, కాపలా కణాల్లాంటివి మేలుకున్నాయా అని చూస్తాం. మూడింటిలో రెండు ఒకే మాట చెబితే అదే తీర్పు. 2021లో ఓఈసీడీ ఈ పద్ధతిని మార్గదర్శకంగా ఆమోదించింది. ఎవరి చర్మమూ అక్కర్లేని రోజు వచ్చిందని నేను సంబరపడ్డాను.

పెళ్ళివారంతా వెళ్ళిపోయాక చెత్తబుట్టలోంచి ఆ ప్యాకెట్టు తీశాను. ముందు వైపు ఆకుపచ్చ గోరింటాకు బొమ్మ. వెనక చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో పారా ఫెనిలీన్ డయమీన్. మేం పీపీడీ అంటాం. వాడే 48 గంటల ముందు కొంచెం రాసి చూసుకోమని కూడా ఉంది. అమ్మ చదవలేదు సరే, రోజంతా అలాంటి అక్షరాలే చదివే నేనూ చదవలేదు.

పరీక్షలేమీ తప్పలేదు. పీపీడీ మాకు పాఠం లాంటిది. కొత్త పరీక్ష ఏదొచ్చినా ముందు దీన్ని పట్టుకుంటుందా అని చూస్తారు. ఎలుకల పరీక్షలో ఒక శాతం కంటే బాగా తక్కువ గాఢతకే దొరికిపోయింది. అయినా యూరప్‌లో తల మీద పెట్టేటప్పటికి 2 శాతం మించకుండా వాడుకోవచ్చు. ఎందుకంటే ఇంత చవగ్గా, ఇంత నల్లగా, ఇన్నాళ్ళు నిలిచే రంగు ఇంకోటి దొరకడం కష్టం. తెలియక వదిలేసింది కాదిది. తెలిసే ఒప్పుకున్న బేరం. ఆ బేరంలో కూర్చున్నవాళ్ళలో అమ్మ లేదు.

ఇంకోటి. సురక్షితం అని నేను రాసే అంకె ఇంకా ఎలర్జీ రాని మనిషి కోసం. మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని కొంత, రోజూ రాసుకుంటారని కొంత తగ్గిస్తూ పోయి, కొత్తగా ఎవరికీ రాకుండా ఉండే మోతాదు తేలుస్తాం. ఒకసారి వచ్చేసినవాళ్ళకి ఆ అంకె పనికిరాదు. వాళ్ళకి అంతకంటే చాలా తక్కువ చాలు. అమ్మ ఆ ఉదయంతో నా రిపోర్టుల్లోంచి బయటికి వెళ్ళిపోయింది.

వాపు తగ్గి, చర్మం కుదుటపడ్డాక అమ్మ వీపుకి పరీక్ష చేశారు. చిన్న అల్యూమినియం బిళ్ళల్లో ఒక్కో రసాయనం పెట్టి వీపుకి అంటించి, 48 గంటలుంచి తీసి చూస్తారు. 1895లో యాడాసోన్ అనే జర్మన్ డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇప్పటికీ ఇదే. మే నెల ఎండలు. వీపు తడపకూడదు. "మొత్తానికి నన్నూ నీ ఎలుకని చేశావే" అంది అమ్మ, అటు తిరిగి పడుకుని. నాలుగో రోజుకి పీపీడీ పెట్టిన చోట రూపాయి బిళ్ళంత ఎర్రగా పొంగింది. మిగతా చోట్లన్నీ మామూలుగానే ఉన్నాయి.

ఇప్పుడు అమ్మది తెల్ల జుట్టు. పెరట్లో గోరింటాకు రుబ్బి పెడతానంటే, ఎర్ర జుట్టు నాకొద్దంది.

మొన్న పక్కింటి పిన్నిగారు వచ్చారు. అమ్మ డజను కొని పెట్టుకున్న ప్యాకెట్లలో ఇంకా ఏడు అలమారలో ఉన్నాయి. "నీకెలాగూ పనికిరావుగా వదినా, నాకివ్వు" అన్నారు. అమ్మ నా వైపు చూసింది. ముందు చెవి వెనక కొంచెం రాసుకుని రెండు రోజులు ఆగి చూడమన్నాను. "రెండు రోజులా! గృహప్రవేశం రేపేనమ్మా. అయినా ఇన్నేళ్ళూ పడిందిగా" అన్నారావిడ.

అమ్మ ప్యాకెట్లు ఇవ్వలేదు. పిన్నిగారు వీధి చివర కొట్లో కొనుక్కున్నారు.