తిత్తి కుట్టినోళ్లు

మొన్న ఒక కాలేజీ వర్క్‌షాపులో కమ్మరి పెద్దాయన కొడవలి సాగగొట్టి చూపిస్తుంటే సమ్మెట నేను వేశాను. ఇనుము ఎర్రబడితే చాలదు, పసుపుకు తిరగాలి. చల్లారినంక కొడితే పగుళ్లే. అంచు నీళ్లలో ముంచగానే చుయ్యిమంది, పిల్లలు చప్పట్లు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఉత్త బొగ్గుకు అంత వేడి రాదు. గాలి కావాలి. ఇప్పుడంటే కరెంటు బ్లోయరు. మా ఊళ్లో అప్పుడు తోలు తిత్తి. ఆ తోలు ఒలిచి, సున్నంలో నానేసి, లందలో తంగేడు చెక్కతో ఊనబెట్టి కుట్టింది మా మాదిగోళ్లు. కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పోయిందని చదువుకుంటాం. తిత్తి కుట్టినోళ్ల ఊసేది?

ఇదే అడిగితే ‘వర్క్‌షాపులో కులమెందుకు’ అన్నాడు లెక్చరరు. పెద్దాయనే అందుకున్నాడు: ‘‘తిత్తి చినిగిందంటే మా నాయన మాదిగవాడకు ఉరికేటోడు సారూ. కుట్టేదాకా ఆడనే నిలబడేటోడు. నీళ్లు మాత్రం తాగకపోయేది.’’