ముందేది? తర్వాతేది?

వానాకాలం వచ్చిందంటే సాలూరు చుట్టుపక్కల పల్లెల్లో, కొండ మీది ఊళ్ళలో విరేచనాల భయం మొదలవుతుంది. ఇంట్లో ఓఆర్‌ఎస్ పొట్లం ఉంటే దాని మీది అక్షరాలు చదివి కలపాల్సింది హాస్టల్లో చదువుకుంటున్న మనమే.

మా చేతికొచ్చిన ఒక జిరాక్సు కాగితంలో ఇలా ఉంది: "లీటరు నీటిలో పొట్లం మొత్తం కలిపి మరిగించి చల్లార్చిన నీటినే వాడి తాగించవలెను." ఆరో తరగతి తమ్ముడొకడు అది చదివి "అన్నా, కలిపీసాక మరిగించాలేటి?" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాక్యం అలాగే ఉంది. కలిపాక మరిగిస్తే నీరు ఆవిరైపోయి ఉప్పు పాలు పెరుగుతుంది. పసిబిడ్డకి అది ప్రమాదం.

ఆ రాత్రి స్టడీ అవర్లో మేమంతా కూర్చుని దీని గురించే మాట్లాడుకున్నాం. కడిగి, కాచి, చల్లార్చి అనే మాటల్ని వ్యాకరణంలో క్త్వార్థకాలు అంటారు. ముందు జరిగిన పనిని అవి చెబుతాయి. అంటే వరుస చెప్పే శక్తి మన తెలుగులోనే ఉంది. చేయి చేసే వరుసలోనే కలం కూడా నడవాలి. రెండు మూడు పనులైతే మధ్యన కామాలు చాలు. అంతకు మించితే అంకెలు వేసి, ఒక్కో పనికి ఒక్కో వాక్యం రాసి చుక్క పెట్టాలి. మేము ఇలా తిరగరాశాం:

1. సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
2. ఎంత నీరు కావాలో పొట్లం మీద చూడాలి. పెద్దదానికి లీటరు, చిన్నదానికి 200 మిల్లీలీటర్లు.
3. కాచి చల్లార్చిన నీటిని అంతే కొలవాలి.
4. పొడి మొత్తం వేసి కరిగేదాకా కలపాలి. మళ్ళీ కాచకూడదు.
5. కొద్దికొద్దిగా తాగించాలి. 24 గంటలు దాటితే పారబోయాలి.

వరుస లేని చోట అంకెలు వద్దు. మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు అని రాస్తే ఏది ముందైనా ఫరవాలేదు. వాటికి 1, 2, 3 వేస్తే ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వాలేమో అనుకుంటారు.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణంతోనే ఎందరినో బతికించారు. అక్కడ రోగులకి తాగించింది చాలావరకు వాళ్ళ బంధువులే. మందు మామూలు మనుషుల చేతిలో ఉన్నప్పుడు వాక్యం కూడా మామూలు మనిషికి అర్థం కావాలి కదా!

తమ్ముళ్ళూ! సైన్సు పరీక్షలో ప్రయోగ విధానం రాసేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించండి. మార్కులు వస్తాయి. ఈ అయిదు వాక్యాలు మాత్రం సెలవులకి వెళ్ళినప్పుడు ఇంట్లో అమ్మకి చదివి వినిపించండి.