మైపాటి తీరమున దారపు పని

నెల్లూరి నుండి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్లు పోయిన మైపాడు సముద్రతీరము వచ్చును. పోవుచు మేము ఆ ప్రాంతముననే పెన్న యొడ్డున నున్న పల్లెపాటి పినాకినీ సత్యాగ్రహాశ్రమమును దర్శించితిమి. గాంధీ మహాత్ముడు దానిని 1921 ఏప్రిల్ 7వ తేదిని ప్రారంభించెను. నూలు వడకుట నాటి యాశ్రమధర్మములలో నొకటి.

మైపాడున మరియొక దారపు పని చూచితిమి. ఇసుకపై కూర్చుండి యొక వృద్ధుడు చినిగిన వలను బాగుచేయుచుండెను. చూపు సముద్రముపై నున్నను వ్రేళ్లు వలకన్నులను తప్పక ముడివేయుచుండెను.

సోదరీమణులారా! మన యిండ్లలో అత్తగారు ఉన్నిటోపీ యల్లుటకు సూదులు పట్టినచో "మీకెందుకత్తయ్యా యీ శ్రమ" యని ప్రేమతోనే వారించుచుందుము. వ్రేళ్లకు కదలికయు, మనసునకు కుదురును, మనుమనికి టోపీయు నొక్క పనిలోనే లభించుచుండగా మాన్పింపనేల? నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేసిన మేలు.

కార్తికపు వానలలో జలుబు చేసినప్పుడు శొంఠి, మిరియాలు, తులసి వేసి కాచు కషాయమును వారి చేతిదే; గొంతునకు హాయి. రెండు వారములు దాటిన దగ్గునకు మాత్రము వైద్యుని చూడవలెను.

పెద్దల చేతి సూదులను తీసికొనక, వెలుతురు వచ్చు కిటికీ చెంత వారికి కుర్చీ వేయుదము.