చీటీ అంటించినంత మాత్రాన...

మీ వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో మీకు తెలుసు కదూ? కరెంటు పోయినా మెంతుల డబ్బా మీద చెయ్యి ఇట్టే పడుతుంది. ఎవరో వచ్చి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి, "ఇక మీరు గుర్తు పెట్టుకోనక్కర్లేదు" అంటే మనసు చివుక్కుమనదూ? నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి కంప్యూటరు వచ్చిన రోజున నాకూ అలాగే అయింది.

మాది అంతర్వేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి, ఇక యంత్రాలెంత! కరెంటు కోతలు, ఖర్చు... ఇలా బోలెడు సాకులు చెప్పాను. అసలు భయం వేరు. పిల్లలు పుస్తకం ఎక్కడుందని నన్ను అడగడం మానేస్తే, ఇక నేనెందుకు?

అంతకుముందు ఏడాది డిగ్రీ ఆఖరి సంవత్సరం అమ్మాయి ఒకతి "పుస్తకం ఇచ్చేశాను మేడమ్" అంది. నా రిజిస్టరులో కొట్టివేత లేదు. నా రిజిస్టరు తప్పు చెబుతుందా? నో డ్యూస్ సంతకానికి ముందు పుస్తకం ఖరీదు కట్టించాను. వాళ్ళమ్మ కొబ్బరి పీచు పనికి వెళ్ళే మనిషి.

తరవాత బార్‌కోడ్ చీటీలు అంటించడానికి ఒక్కో పుస్తకం చేతిలోకి తీసుకున్నాం. ఆ పుస్తకం వేరే బీరువాలో కనబడింది! తీసుకుని సర్దించేసి, కొట్టివేయడం మరిచింది నేనే. డబ్బు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. "డబ్బుకేముందండీ, అబద్ధమాడిందన్నారని పిల్ల రెండ్రోజులు అన్నం తినలేదు" అంది ఆ తల్లి. తలెత్తలేకపోయాను.

రంగనాథన్ గారు 1931లోనే పాఠకుడి సమయం ఆదా చెయ్యమన్నారు, గ్రంథాలయం పెరిగే ప్రాణి అన్నారు. పరీక్షకి బట్టీ పట్టాను గానీ ఒంటికి పట్టించుకోలేదు.

ఇప్పుడు తెలిసిందేమంటే, బార్‌కోడ్ అయితే పుస్తకాలను ఒక్కొక్కటిగా చూపించాలి. ఆర్.ఎఫ్.ఐ.డి. చీటీలో చిన్న చిప్పు, ఏంటెన్నా ఉంటాయి. రీడరు పట్టుకుని బీరువా వెంట నడిస్తే చాలు, చోటు తప్పిన పుస్తకాన్ని పట్టిచ్చేస్తుంది. అయితే పుస్తకానికో చీటీ, రీడర్లు, గుమ్మం దగ్గర గేటు - ఖర్చెక్కువ. చిన్న కాలేజీకి బార్‌కోడే చాలు. సాఫ్ట్‌వేరుకీ బెంగ లేదు. 1999లో న్యూజిలాండ్‌లో మొదలైన 'కోహా' ఉచితం. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి 'సోల్' మన కాలేజీల కోసమే తయారైంది.

అలాగని యంత్రాన్ని గుడ్డిగా నమ్మకండి. మనం తప్పు ఎక్కిస్తే అదీ తప్పే చెబుతుంది. రోజూ బ్యాకప్ తీయాలి. ఏ పిల్ల ఏ పుస్తకం చదివిందో దానికి గుర్తుంటుంది. ఆ సంగతి ఇంకొకరి చెవిన పడకుండా చూడవలసింది మనమే.

పిల్లలు నన్ను అడగడం మానేశారా? లేదండీ! "మేడమ్, నీలం అట్ట, ముందు పేజీలో బొమ్మ ఉంటుంది" అంటూ ఇప్పటికీ వస్తారు. అది వెతికే కంప్యూటరు ఇంకా నా దగ్గరికి రాలేదు.

డబ్బా మీద చీటీ ఉన్నంత మాత్రాన పులుసులో ఉప్పెంతో చీటీ చెబుతుందా? ఆ చెయ్యి మనదే. ఏమంటారు?