పాత ప్రశ్న, కొత్త చూపు

ప్రశ్నపత్రం కూడా ఒక మూలగ్రంథమే. మాటల వెనుక అది కోరుతున్నదేమిటో గ్రహించాలి. ఆర్కిటెక్చర్ ప్రవేశపరీక్షకు చదువుతున్న మా అమ్మాయికి అనువాదకురాలిగా నేను చెప్పగలిగింది ఇంతే.

పాత ప్రశ్నపత్రాలలోని లెక్కలను గడియారం ఎదుట పెట్టుకొని సాధించేది. ఒక దృశ్యాన్ని జ్ఞాపకం నుంచి చిత్రించమన్నచోట మాత్రం నమూనా బొమ్మను వల్లెవేయసాగింది.

"సంతను నేనెన్నడు శ్రద్ధగా చూశానమ్మా?" అన్నది ఒకనాడు కన్నీళ్ళతో.

మరునాటి నుంచి సాక్చి బజారులో కూర్చుని గీయసాగింది: త్రాసు పట్టిన చేయి, బేరమాడుతూ వంగిన నడుము, పందిరి నీడ.

మా జంషెడ్‌పూర్ కూడా అటువంటి ప్రశ్నే. కార్మికులు ఎట్లా నివసించాలన్నదానికి 1919 ప్రాంతంలో టెంపుల్ ఒక ప్రణాళిక గీశాడు. ఊరు పెరిగాక, 1940లలో కోనిగ్స్‌బెర్గర్ మరొకటి గీశాడు.

పాత పత్రాలు ప్రశ్నను పరిచయం చేస్తాయి. జవాబును మన కళ్ళే వెతకాలి.